ఆఫీస్ 2010 మళ్లీ ఎక్కించి, ఫైళ్లకు అసలైన తాళం వేసిన నా అనుభవం

మా పెదనాన్న లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర చదువుకున్న వాళ్లంతా కలిసి పెట్టిన ఒక స్కాలర్‌షిప్ నిధి ఉంది. దాని లెక్కలు మొదటి నుంచీ ఆయనే చూస్తారు. ఏ విద్యార్థికి ఎంత ఇచ్చారు, ఏ ఖాతాలో వేశారు, వాళ్ల ఇంటి ఆదాయం ఎంత, తండ్రి ఉన్నాడా లేడా, ఇలాంటివన్నీ ఒకే ఎక్సెల్ ఫైల్లో ఉంటాయి. రసీదు ప్రింట్ తీయడానికి, వాయిదా అందని వాళ్ల జాబితా తయారు చేయడానికి ఆయనే కూర్చుని మాక్రోలు (ఎక్సెల్ చేత ఒక పనిని దానంతట అదే చేయించే చిన్న ప్రోగ్రాంలు) రాసుకున్నారు. 2020 మొదట్లో ఆయన కంప్యూటర్ హార్డ్ డిస్క్ పోయింది. ఫైలు బ్యాకప్ ఉంది కాబట్టి ప్రాణం నిలబడింది. కొత్త డిస్క్ వేయించి, విండోస్ 10 ఎక్కించాక, ఆఫీస్ పని నా మీద పడింది.

అప్పటికి ఆఫీస్ 2010 పాతబడిపోయింది. అదే ఏడాది అక్టోబర్ 13తో దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగుస్తుందని ముందే ప్రకటించారు. కొత్తది కొందామా అని ముందు ఆలోచించాం. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్‌లోనూ ఫైలు తెరిచి చూశాను. అంకెలు, సూత్రాలు బాగానే వచ్చాయి గానీ పెదనాన్న రాసుకున్న ఫారాలు, రసీదుల మాక్రో సరిగ్గా నడవలేదు. స్కాలర్‌షిప్ డబ్బు వేసే గడువు దగ్గరలో ఉంది. డబ్బు కట్టి కొన్న డిస్క్ ఇంట్లో ఉంది. అది పెట్టుకుని పని ఆపుకోవడం నాకు నచ్చలేదు. ముందు దాన్నే మళ్లీ ఎక్కిద్దాం, కాకపోతే అన్నీ పద్ధతిగా చేద్దాం అనుకున్నాం.

డిస్క్ మార్చిన టెక్నీషియన్ వెళ్తూ వెళ్తూ, "కీ వెతుక్కోవడం ఎందుకండీ, పెన్‌డ్రైవ్‌లో యాక్టివేటర్ ఉంది, ఒక్క క్లిక్‌తో అయిపోతుంది" అన్నాడు. ఆఫీస్ డబ్బు కట్టి కొన్నదేనని కీ అనే కోడ్‌తో నిర్ధారించడాన్ని యాక్టివేషన్ అంటారు. కీ లేకుండానే అది అయిపోయినట్టు నమ్మించేది యాక్టివేటర్. దాని కోసం యాంటీవైరస్ మాత్రం కాసేపు ఆపాలట. వద్దని చెప్పేశాను. ఇలాంటి వాటిలో చాలా వరకు కేఎంఎస్ అనే పద్ధతిని అనుకరిస్తాయి. కేఎంఎస్ అసలు పెద్ద సంస్థల కోసం పెట్టిన ఏర్పాటు. సంస్థలోనే ఒక సర్వర్ ఉంటుంది, కంప్యూటర్లన్నీ దాని దగ్గర యాక్టివేట్ అవుతాయి, ఆ యాక్టివేషన్ 180 రోజులు చెల్లుతుంది, ఈలోపు మళ్లీ పొడిగించుకుంటూ ఉండాలి. యాక్టివేటర్ చేసేదల్లా మన కంప్యూటర్లోనే ఒక దొంగ సర్వర్‌ను కూర్చోబెట్టడం. అది ఎవరు రాశారో తెలియదు, లోపల ఇంకేం ఉందో తెలియదు, పైగా అడ్మినిస్ట్రేటర్ అనుమతితో నడుస్తుంది. అంతమంది పిల్లల ఖాతా నంబర్లు ఉన్న కంప్యూటర్లో యాంటీవైరస్ ఆపి అలాంటిది నడపడం నా దృష్టిలో తప్పే. లైసెన్స్ సంగతి పక్కన పెట్టినా తప్పే.

డిస్క్ దొరికింది. ఆఫీస్ హోమ్ అండ్ బిజినెస్ 2010, పెట్టెతో సహా. కొత్త కంప్యూటర్లకు డీవీడీ డ్రైవ్ ఉండటం లేదు కాబట్టి, డ్రైవ్ ఉన్న ఇంకో కంప్యూటర్లో డిస్క్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి తెచ్చాను. డిస్క్‌లో ఉన్న ఫోల్డర్లన్నీ ఉన్నవి ఉన్నట్టు రావాలి. సెటప్ ఫైలు ఒక్కటే తెచ్చుకుంటే లాభం లేదు.

చిక్కు ప్రొడక్ట్ కీ దగ్గర వచ్చింది. పెట్టె లోపలి స్టిక్కర్ మీద అక్షరాలు కొన్నిచోట్ల అరిగిపోయాయి. కీలో అయిదేసి అక్షరాల చొప్పున అయిదు గుంపులు, మొత్తం 25. మూడో గుంపులో ఒక అక్షరం 5లా, ఎస్‌లా, 6లా, ఎలా చూస్తే అలా కనిపిస్తోంది. ఇక్కడ నాకు పనికొచ్చిన విషయం ఒకటుంది. ఆ కాలపు కీలలో వాడే అక్షరాలు 24 మాత్రమే. ఎ, ఇ, ఐ, ఓ, యు అనే అచ్చులు ఉండవు. ఎల్, ఎన్, ఎస్, జెడ్ ఉండవు. అంకెల్లో 0, 1, 5 ఉండవు. చూడగానే ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునే వాటిలో చాలా వాటిని అలా తీసేశారు. ఆఫీస్ 2013 నుంచి కీ పద్ధతి కొంత మారింది, ఎన్ అనే అక్షరం అందులోకి వచ్చింది. మాది 2010 కాబట్టి ఆ అరిగిన అక్షరం 5 కావడానికి వీల్లేదు, ఎస్ కావడానికీ వీల్లేదు. మిగిలింది 6, లేదా దాన్ని పోలిన జి. ఇంకోచోట సున్నాలా ఉన్నది ఓ కాదు, సున్నా కాదు, క్యూ అయ్యుండాలి లేదా డి. భూతద్దం పెట్టి చూస్తే క్యూ తోక సన్నగా కనిపించింది. 8కీ బికీ మధ్య మాత్రం ఈ సూత్రం సాయం చేయదు, రెండూ కీలలో ఉంటాయి. పెదనాన్న ఒక కాగితం మీద వీలున్న కలయికలు వరసగా రాసి ఇచ్చారు. సెటప్ వెంటనే ఆకుపచ్చ టిక్కు చూపించేసరికి ఇద్దరికీ హాయిగా అనిపించింది. సరైన కీని అప్పుడే మంచి ఇంకుతో రాసి పెట్టెలో పెట్టాం, ఫోటో కూడా తీసి ఉంచాం.

ఆఫీస్‌లో 64 బిట్ల వెర్షన్ మొదటిసారి వచ్చింది 2010లోనే. డిస్క్‌లో 32 బిట్లది, 64 బిట్లది రెండూ ఉంటాయి. మామూలుగా సెటప్ నడిపితే 32 బిట్లదే ఎక్కుతుంది. కంప్యూటర్, విండోస్ రెండూ 64 బిట్లవి కదా, ఆఫీస్ కూడా అదే వేస్తే వేగంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. మాక్రోలు ఉన్నవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. పెదనాన్న మాక్రోలు 2003 కాలంలో మొదలయ్యాయి. అందులో విండోస్ లోపలి ఫంక్షన్లను నేరుగా పిలిచే డిక్లేర్ లైన్లు ఉన్నాయి. 64 బిట్ల ఆఫీస్‌లో ఆ లైన్లకు పీటీఆర్‌సేఫ్ అనే మాట చేర్చకపోతే మాక్రో కంపైల్ కూడా అవ్వదు, అంటే నడవడానికి సిద్ధమే కాదు. అందుకే 32 బిట్లదే వేశాను. ఒకసారి ఒక రకం వేశాక దాని పక్కనే రెండో రకం వేయబోతే సెటప్ ఒప్పుకోదు, ఉన్నదాన్ని తీసేయమంటుంది. కాబట్టి ఈ నిర్ణయం మొదటే జరగాలి.

ఇన్‌స్టాల్ చేయడంలో చెప్పుకోదగ్గది పెద్దగా లేదు. ఇన్‌స్టాల్ నౌ బదులు కస్టమైజ్ నొక్కి, ఎక్సెల్, వర్డ్‌లకు అన్ని భాగాలూ కంప్యూటర్లోనే ఉండేలా పెట్టాను. అలా పెట్టకపోతే కొన్ని భాగాలు వాడబోయినప్పుడు ఎక్కుతాయి, అప్పుడు డిస్క్ అడగొచ్చు. అవుట్‌లుక్ అసలు వద్దని తీసేశాను. ఆయన మెయిల్ బ్రౌజర్‌లోనే చూసుకుంటారు. మద్దతు ముగియబోయే మెయిల్ ప్రోగ్రాంను కంప్యూటర్లో ఉంచడం అనవసరపు రిస్కు.

యాక్టివేషన్ దగ్గర కొంత టెన్షన్ పడ్డాం. మెట్టు మెట్టుగా నడిపించే యాక్టివేషన్ విజార్డ్ తెరిచి ఇంటర్నెట్ ద్వారా అని ఎంచుకుంటే, ఈ కీని ఇక వాడటం కుదరదన్న అర్థం వచ్చే సందేశం వచ్చింది. పెదనాన్న ముఖం వాడిపోయింది.

"దొంగది అమ్మారంటావా అమ్మా?"

"కాదు పెదనాన్నా. ఇన్నేళ్లలో కంప్యూటర్ మార్చారు, విండోస్ మళ్లీ మళ్లీ ఎక్కించారు. ప్రతిసారీ కొత్త కంప్యూటర్ కింద లెక్కపడి ఉంటుంది. ఫోన్ దారి ఉంది, చూద్దాం."

యాక్టివేషన్ అంటే లోపల జరిగేది ఇదీ. కీ నుంచి వచ్చిన సంఖ్యనీ, కంప్యూటర్ భాగాల నుంచి లెక్కగట్టిన ఒక గుర్తునీ కలిపి ఇన్‌స్టలేషన్ ఐడీ అనే పొడవాటి సంఖ్య తయారవుతుంది. మన పేరు గానీ ఫైళ్లు గానీ అందులో ఉండవు. ముఖ్యమైన భాగాలు మారితే ఆ గుర్తు మారిపోవచ్చు, అప్పుడు పాత యాక్టివేషన్ చెల్లదు. విజార్డ్‌లో టెలిఫోన్ అని ఎంచుకుంటే దేశాన్ని బట్టి ఫోన్ నంబర్, దాని కింద ఆరేసి అంకెల గుంపులుగా ఇన్‌స్టలేషన్ ఐడీ కనిపించాయి. అవతల యంత్రం గొంతు ఒక్కో గుంపూ అడిగింది, మేం ఫోన్ మీటలు నొక్కాలి. నేను తెర మీద చూసి చదివాను, పెదనాన్న నొక్కారు. గుంపు తప్పు పడితే యంత్రం అక్కడికక్కడే మళ్లీ నొక్కమనేది, కాబట్టి కంగారు పడక్కర్లేకపోయింది. ఆ తర్వాత, ఈ కీతో ఎన్ని కంప్యూటర్లలో ఆఫీస్ ఎక్కించారని అడిగింది. ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పడమే. పాత డిస్క్ పోయింది, ఇప్పుడున్నది ఈ ఒక్క కంప్యూటరే. 1 నొక్కాం. అప్పుడు కన్ఫర్మేషన్ ఐడీ చదవడం మొదలుపెట్టింది. ఎ నుంచి హెచ్ దాకా ఎనిమిది గళ్లు, ఒక్కో గడిలో ఆరు అంకెలు. స్పీకర్ పెట్టి, ముందు కాగితం మీద రాసుకుని, తర్వాత గళ్లలో కొట్టాం. ఓకే నొక్కగానే అయిపోయింది.

అయిందో లేదో ఫైల్ మెనూలో హెల్ప్ దగ్గర చూడొచ్చు, ప్రొడక్ట్ యాక్టివేటెడ్ అని ఉంటుంది. నేను ఇంకోలా కూడా చూసుకున్నాను. ప్రోగ్రామ్ ఫైల్స్ (ఎక్స్86)లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఫోల్డర్ లోపల ఆఫీస్14 అనే ఫోల్డర్ ఉంటుంది. 2007ది ఆఫీస్12, దాని తర్వాత 13 లేకుండా నేరుగా 14కి వెళ్లారు. అందులో ఓఎస్‌పీపీ అనే స్క్రిప్ట్ ఉంది. ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ కిటికీలో దాన్ని డీస్టేటస్ అనే మాటతో నడిపితే లైసెన్స్ స్థితి, కీలోని చివరి అయిదు అక్షరాలు చూపిస్తుంది. ఒకే ఇంట్లో రెండు మూడు డిస్కులు ఉండి, ఏ కంప్యూటర్లో ఏ కీ వాడామో గుర్తులేని వాళ్లకు ఆ అయిదు అక్షరాలు చాలా పనికొస్తాయి.

ఇక అప్‌డేట్లు. మా డిస్క్ 2010లో మొదట వచ్చినది, అందులో ఏ సర్వీస్ ప్యాకూ (అప్పటిదాకా వచ్చిన దిద్దుబాట్ల మూట) లేదు. ముందు 2013 జులైలో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 ఎక్కించాను. తర్వాత విండోస్ అప్‌డేట్ సెట్టింగ్స్‌లో ఇతర మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాంలకు కూడా అప్‌డేట్లు ఇవ్వమనే మీట ఆన్ చేశాను. అది ఆన్ చేయకపోతే విండోస్‌కి వస్తాయి గానీ ఆఫీస్‌కి రావు. వరసగా చాలానే దిగాయి. వదిలేసి భోజనానికి వెళ్లిపోయాం.

ఈ అప్‌డేట్ల వల్ల పెదనాన్నకి ఒక నష్టం జరిగింది. ఆయన పాత ప్రశ్నపత్రాలన్నీ వర్డ్‌లో ఉన్నాయి, సమీకరణాలన్నీ ఈక్వేషన్ ఎడిటర్‌తో చేసినవి. అప్‌డేట్ల తర్వాత సమీకరణాలు కనిపిస్తున్నాయి, ప్రింట్ అవుతున్నాయి, కానీ డబుల్ క్లిక్ చేస్తే దిద్దడానికి తెరుచుకోవడం లేదు. ఆయనకు కోపం వచ్చింది, అది న్యాయమైన కోపమే. కానీ కారణం బలమైనది. ఆ ఈక్వేషన్ ఎడిటర్ 2000 సంవత్సరంలో కంపైల్ చేసిన చిన్న ప్రోగ్రాం, అప్పటి నుంచీ అలాగే ఆఫీస్‌తో పాటు వస్తూ ఉంది. దాంట్లో ఒక పెద్ద లోపం 2017 నవంబర్‌లో బయటపడింది. కావాలని తయారు చేసిన ఫైలును తెరిస్తే చాలు, మాక్రో అనుమతి కూడా అడగకుండా మన కంప్యూటర్లో వాళ్ల ప్రోగ్రాం నడిచిపోతుంది. ఆ నెల దిద్దుబాటు ఇచ్చారు, 2018 జనవరి అప్‌డేట్‌తో ఎడిటర్‌నే పూర్తిగా తీసేశారు. దిద్దుబాటు లేని పాత ఆఫీస్‌ల మీద ఆ లోపాన్ని ఆ తర్వాత కూడా దాడులకు వాడుతూ వచ్చారు. ఇదంతా చెప్పాక పెదనాన్న, "సరే, ఇన్సర్ట్ మెనూలో ఉన్న కొత్త ఈక్వేషన్‌తో చేసుకుంటాలే" అన్నారు. తర్వాత చేసుకుంటున్నారు కూడా.

మాక్రోల విషయంలో ఆయన పాత అలవాటు, ఆఫీస్‌లో భద్రత సెట్టింగ్‌లు ఉండే ట్రస్ట్ సెంటర్‌కి వెళ్లి అన్ని మాక్రోలనూ అనుమతించు అని పెట్టేయడం. అలా పెడితే ఎవరో పంపిన ఫైల్లోని మాక్రో కూడా నోరెత్తకుండా నడిచిపోతుంది. దాన్ని మార్చి, మాక్రోలు ఆపి నాకు చెప్పు అనే సెట్టింగ్‌లో ఉంచాను. నిధి ఫైలు ఉండే ఒక్క ఫోల్డర్‌ను మాత్రం ట్రస్టెడ్ లొకేషన్స్ అనే నమ్మకమైన ఫోల్డర్ల జాబితాలో చేర్చాను. ఆ ఫోల్డర్లో ఉన్న ఫైళ్లకు హెచ్చరిక పట్టీ రాదు, మాక్రోలు నేరుగా నడుస్తాయి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను, డెస్క్‌టాప్‌ను ఎప్పుడూ అలా చేర్చకూడదు. ప్రొటెక్టెడ్ వ్యూ అనేది 2010తోనే వచ్చింది. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైలు చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది, పైన పసుపుపట్టీ వస్తుంది. 2007లో ఈ సదుపాయం లేదు. ఇంకా 2007 వాడేవాళ్లు ఎవరైనా నన్ను అడిగితే, బయటి నుంచి వచ్చిన ఫైళ్లను అందులో తెరవనే వద్దంటాను.

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఫైలు రక్షణ గురించి. "దానికి పాస్‌వర్డ్ ఎప్పుడో పెట్టానమ్మా, ఎవరూ ముట్టుకోలేరు" అన్నారు పెదనాన్న. నిజమే, షీటులో ఏ గడి మార్చబోయినా పాస్‌వర్డ్ అడుగుతోంది. కానీ ఆ పాస్‌వర్డ్ ఆపేది మార్చడాన్ని మాత్రమే, చూడటాన్ని కాదు. మార్చడాన్ని కూడా గట్టిగా ఆపదు. మాటలతో చెబితే నమ్మడం కష్టం కాబట్టి ఆయన ముందే చేసి చూపించాను.

ఫైలును మాక్రోలు ఉంచే కొత్త ఎక్సెల్ ఫైలు పద్ధతిలో సేవ్ చేసి, ఒక కాపీ తీసి, ఆ కాపీ పేరు చివర ఉన్న ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ అన్న అక్షరాల స్థానంలో జిప్ అని పెట్టాను. 2007 నుంచి వచ్చిన కొత్త పద్ధతి ఆఫీస్ ఫైళ్లు నిజానికి జిప్ పెట్టెలే, అంటే చాలా ఫైళ్లను ఒకటిగా కట్టిన మూటలు. డబుల్ క్లిక్ చేస్తే మామూలు ఫోల్డర్‌లా తెరుచుకుంది. లోపల ఎక్స్‌ఎల్ అనే ఫోల్డర్, అందులో షేర్డ్‌స్ట్రింగ్స్ అనే ఫైలు. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. పిల్లల పేర్లు, ఊళ్లు, "తండ్రి లేరు" అని పెదనాన్న రాసుకున్న మాటలు, ఖాతా నంబర్లు, అన్నీ వరసగా కనిపిస్తున్నాయి. ఖాతా నంబర్లు అక్కడ ఎందుకున్నాయంటే, ఎక్సెల్ సంఖ్యల్లో 15 అంకెల వరకే నిక్కచ్చిగా ఉంచుతుంది, ఆ తర్వాతవి సున్నాలైపోతాయి. అందుకని పెదనాన్న వాటిని టెక్స్ట్‌గా పెట్టారు. ఏ పాస్‌వర్డూ అడగలేదు. షీట్ల ఫోల్డర్లోకి వెళ్లి మొదటి షీటు ఫైలు తెరిస్తే, షీట్‌ప్రొటెక్షన్ అని ఒక ట్యాగు, అందులో నాలుగు అక్షరాల చిన్న కోడ్. 2010 దాకా షీటు పాస్‌వర్డ్‌ను అలా 16 బిట్ల కోడ్‌గానే దాచేవారు. మహా అయితే 65,536 రకాలు. ఎంత పెద్ద పాస్‌వర్డ్ పెట్టినా చివరికి ఆ కోడ్‌లలో ఒకటే అవుతుంది కాబట్టి వేరే పాస్‌వర్డ్‌తో కూడా తెరుచుకోవచ్చు. అంత శ్రమ కూడా అక్కర్లేదు, ఆ ట్యాగును తుడిచేస్తే షీటుకి రక్షణే ఉండదు.

పెదనాన్న చాలాసేపు ఆ నోట్‌ప్యాడ్ తెరనే చూస్తూ ఉండిపోయారు. "ఈ ఫైలు నిధి కమిటీ వాళ్లందరికీ మెయిల్లో పంపుతూ వచ్చానమ్మా" అన్నారు.

షీటు రక్షణ పనికిరానిదని నేననను. పొరపాటున సూత్రం చెరిగిపోకుండా కాపాడటానికి అది చాలా మంచిది, ఇప్పటికీ వాడుతున్నాం. వర్డ్‌లో రెస్ట్రిక్ట్ ఎడిటింగ్ కూడా అలాంటిదే. మార్క్ యాజ్ ఫైనల్ అయితే ఇది ఆఖరి ప్రతి అని చెప్పే గుర్తు మాత్రమే, ఎవరైనా ఒక్క మీటతో తీసేయగలరు. సేవ్ యాజ్‌లో టూల్స్ దగ్గర వచ్చే రెండు పాస్‌వర్డ్ గళ్లలో కూడా తేడా ఉంది. మార్చడానికి పెట్టే పాస్‌వర్డ్ ఫైలును రహస్యంగా ఉంచదు. తెరవడానికి పెట్టేదే ఉంచుతుంది.

అసలు తాళం ఫైల్, ఇన్ఫో, ప్రొటెక్ట్ వర్క్‌బుక్ దగ్గర ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్ అనేది. 2007లో అయితే గుండ్రటి ఆఫీస్ బటన్ కింద ప్రిపేర్‌లో ఉంటుంది. ఇది పెడితే ఫైలు మొత్తం ఏఈఎస్ అనే గట్టి సంకేత పద్ధతిలో, 128 బిట్ల తాళంచెవితో, చదవడానికి వీల్లేకుండా మారిపోతుంది. పైగా పాస్‌వర్డ్ నుంచి తాళంచెవి తయారు చేయడానికి 2007లో 50,000 సార్లు, 2010లో లక్షసార్లు హాష్ అనే వెనక్కి తిప్పలేని లెక్క చేస్తారు. మనకు తెరిచేటప్పుడు ఆ ఆలస్యం తెలియదు. ఒక్కో పాస్‌వర్డ్ ఊహించి చూసేవాడికి మాత్రం ప్రతి ఊహకూ లక్షసార్ల పని పడుతుంది.

కానీ ఇదంతా కొత్త ఫైలు పద్ధతిలోనే. పెదనాన్న అసలు ఫైలు 2003 నాటి పాత పద్ధతి, ఎక్స్‌ఎల్‌ఎస్. ఆ కాలంలో తెరవడానికి పాస్‌వర్డ్ పెట్టినా, సెట్టింగ్ మార్చకపోతే 40 బిట్ల ఆర్‌సీ4 అనే పాత సంకేత పద్ధతే పడేది. 40 బిట్లంటే సుమారు 1.1 లక్షల కోట్ల తాళంచెవులు. వినడానికి చాలా పెద్ద సంఖ్యే, కానీ ఇప్పటి కంప్యూటర్లు వాటన్నిటినీ వరసపెట్టి ప్రయత్నించేయగలవు. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా అక్కడ లాభం లేదు, ఎందుకంటే వెతికేది పాస్‌వర్డ్‌ను కాదు, నేరుగా తాళంచెవినే. అందుకే ముందు ఫైలును ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్‌లోకి మార్చి, ఆ తర్వాతే ఎన్‌క్రిప్ట్ చేశాను. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో సేవ్ చేస్తే మాక్రోలు పోతాయి, ఎక్సెల్ హెచ్చరిస్తుంది కూడా. ఆ హెచ్చరిక చదవకుండా యెస్ (అవును) నొక్కేవాళ్లని చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఎన్‌క్రిప్ట్ అయ్యాక మళ్లీ అదే పరీక్ష చేశాం. కాపీ తీసి జిప్ అని పేరు మార్చి నొక్కితే ఈసారి విండోస్ తెరవలేకపోయింది. 7-జిప్ అనే ప్రోగ్రాంతో తెరిస్తే ఎన్‌క్రిప్షన్‌ఇన్ఫో, ఎన్‌క్రిప్టెడ్‌ప్యాకేజ్ అని రెండు ముఖ్యమైన ముక్కలు కనిపించాయి. రెండోదాన్ని నోట్‌ప్యాడ్‌లో పెడితే ఏ మాటా చదవడానికి రాలేదు. మీ ఫైలుకి పెట్టింది ఏ రకం తాళమో తెలుసుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి నాకు తెలియదు. ఒక కాపీ మీద ఎవరైనా చేసి చూసుకోవచ్చు.

పాస్‌వర్డ్ దగ్గర ఇద్దరం కాసేపు వాదించుకున్నాం. ఆయన పుట్టిన సంవత్సరం పెడతానన్నారు. లక్షసార్ల లెక్క ఉన్నా, ఊహకు తేలిగ్గా అందే పాస్‌వర్డ్‌ను అది కాపాడదు.

"పెద్దది పెట్టి మర్చిపోతే?"

"మర్చిపోతే ఎవరూ తెరవలేరు పెదనాన్నా, మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా. అందుకే కాగితం మీద రాద్దాం."

ఒకదానికొకటి సంబంధం లేని మాటలు కొన్ని, మధ్యలో ఖాళీలతో, ఆయన పదేపదే తప్పు లేకుండా టైప్ చేయగలిగేవి ఎంచుకున్నాం. దాన్ని కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటించి, నిధి పత్రాలు ఉండే బీరువాలో పెట్టారు. కమిటీలో ఇంకొకరికి ఆ కవరు ఎక్కడుందో తెలుసు. పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదని అంటారు గానీ, ఒక మనిషి జ్ఞాపకం మీదే నిధి మొత్తం నిలబడటం నాకు ఇంకా ప్రమాదంగా తోచింది. కమిటీకి ఫైలు పంపినప్పుడు పాస్‌వర్డ్ అదే మెయిల్లో రాయరు, ఫోన్‌లో చెబుతారు. పైగా ఇప్పుడు అందరికీ మొత్తం ఫైలు పంపడం మానేశారు, కావలసిన మొత్తాలు మాత్రం పీడీఎఫ్ చేసి పంపుతున్నారు.

తాళం వేసిన ఫైలు ఇంకో కంప్యూటర్లో కూడా తెరుచుకుంటుందో లేదో చూశాం. లిబ్రేఆఫీస్ పాస్‌వర్డ్ అడిగి తెరిచింది. మాక్రోలు సరిగ్గా నడవకపోయినా వివరాలు వస్తాయి, రేపు ఈ ఆఫీస్ పనిచేయకపోయినా లెక్కలు చేజారవు.

మిగిలింది పాత కాపీల పని. ఇది విసుగు పుట్టించే పని, కానీ ఇది చేయకపోతే ముందు చేసిందంతా వృథా. తాళం లేని పాత ఎక్స్‌ఎల్‌ఎస్ కాపీలు పెన్‌డ్రైవ్‌ల్లో, రీసైకిల్ బిన్‌లో, మెయిల్‌లోని సెంట్ ఫోల్డర్లో, "కొత్తది", "కొత్తది చివరిది" అన్న పేర్లతో ఎక్కడెక్కడో ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఎన్‌క్రిప్ట్ చేసి దాచి, మిగతావి తీసేశాం. కమిటీ వాళ్లనీ తీసేయమని అడిగారు. పోయిన హార్డ్ డిస్క్‌ను టెక్నీషియన్ తీసుకెళ్తానన్నాడు గానీ ఇవ్వలేదు. కంప్యూటర్‌కి కనిపించని డిస్క్‌లో కూడా వివరాలు చదవగలిగే స్థితిలో ఉండొచ్చు.

2020 అక్టోబర్ దాటాక ఆఫీస్ 2010కి కొత్త లోపాలు బయటపడినా దిద్దుబాట్లు రావని తెలుసు కాబట్టి వాడకాన్ని ఇంకా కుదించాం. బయటి నుంచి వచ్చిన వర్డ్, ఎక్సెల్ ఫైళ్లేవీ ఆ కంప్యూటర్లో తెరవరు, నా కంప్యూటర్‌కి పంపుతారు. నిధి ఫైలుతో పనిచేసేంతసేపూ వైఫై ఆపి ఉంచుతారు. విండోస్, యాంటీవైరస్ అప్‌డేట్లు మాత్రం ఆపలేదు.

ఈ ఏర్పాటు శాశ్వతం కాదని ఇద్దరికీ తెలుసు. అందుకే పెదనాన్న తన మాక్రోల్లోని డిక్లేర్ లైన్లకు ఒక్కొక్కటిగా పీటీఆర్‌సేఫ్ చేరుస్తున్నారు. 2010లోని వీబీఏకి (మాక్రోలు రాసే భాషకి) ఆ మాట తెలుసు కాబట్టి, 32 బిట్ల ఆఫీస్‌లోనే ఉంటూ మార్చిన లైన్లు నడిపి చూసుకోగలుగుతున్నారు. రసీదుల భాగం అయిపోయింది. వాయిదాల జాబితా భాగం ఇంకా నడుస్తోంది. అది కూడా అయ్యాక కొత్త వెర్షన్ కొనమని కమిటీని ఆయనే అడుగుతానన్నారు.